కత్తెర కనిపించని కోత

ఏటా ఫిబ్రవరి ఒకటవ తేదీన ఢిల్లీలో మాబోటి విలేఖరులందరికీ ఒకటే పని. ఆర్థికమంత్రి ప్రసంగం ముగిసీ ముగియకముందే ఆదాయపు పన్ను ఎంత తగ్గింది, బంగారం మీద సుంకం ఏమయింది, మన రాష్ట్రానికి దక్కినదేమిటి అని వెతుక్కోవడం. 2025లో నిర్మలా సీతారామన్ పన్నెండు లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను ఉండదని ప్రకటించినప్పుడు లోక్‌సభలో బల్లలు ఎట్లా మోగినవో పాఠకులు చూసే ఉంటారు. ఆ సందడి సద్దుమణిగిన తరువాత, సాయంకాలం తీరికగా, గ్రామీణాభివృద్ధి శాఖ పద్దులో ఒక్క పంక్తి కోసం చూడడం నాకు అలవాటు. 'ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకం' అని ఉంటుంది. దాని ఎదురుగా 290 కోట్ల రూపాయలు. అంతకు ముందు ఏడాదీ 290 కోట్లే. దానికి ముందు ఏడాదీ 290 కోట్లే. యాభై లక్షల కోట్ల రూపాయలు దాటిన బడ్జెట్టులో ఆ అంకె ఒక మూలన, ఎవరికీ అడ్డు రాకుండా కూర్చుని ఉంటుంది.

కదలని అంకెను గురించి వార్త రాస్తానంటే ఏ న్యూస్ ఎడిటరూ చోటు ఇవ్వడు. పెంచితే వార్త. తగ్గిస్తే ఇంకా పెద్ద వార్త, ప్రతిపక్షాలు వాకౌట్ చేస్తాయి. ఉన్నది ఉన్నట్టే ఉంచితే ఎవరూ మాట్లాడరు. ఢిల్లీలో కోత వేసే విద్య అంతా ఈ రహస్యంలోనే ఉన్నది.

ఈ పథకం 2009లో నెలకు 200 రూపాయలతో మొదలయింది. 2012లో 300 చేశారు. అటు తరువాత ప్రభుత్వం మారింది, ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది, పాత పార్లమెంటు భవనం పక్కన కొత్త భవనం లేచింది, వికలాంగులు 'దివ్యాంగులు' అయినారు. మూడు వందలు మాత్రం మూడు వందలుగానే నిలిచినది. ఎవరికి ఇస్తారీ మూడు వందలు? దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, వయస్సు 18కి 79కి మధ్య ఉండి, ఎనభై శాతానికి తగ్గని తీవ్ర వైకల్యమో, ఒకటికి మించిన వైకల్యాలో ఉన్నవారికి. అంటే చాలా సందర్భాలలో మంచం దిగడానికి మరొకరి చెయ్యి కావలసిన మనిషికి. వినియోగదారుల ధరల సూచికి 2025లో 2012 ఆధార సంవత్సరంగా ఉండడం కాకతాళీయమే అయినా మనకు లెక్క సులభమయింది. ఆ ఏడాది వంద అనుకున్న సూచి 2025 నాటికి 190 దాటింది. మూడు వందలకు ఇప్పుడు దొరికేది నాటి నూట యాభై రూపాయల సరుకు. కోత వేయడానికి ఏ మంత్రీ సంతకం పెట్టనక్కరలేకపోయినది. ధరలే ఆ పని చేసిపెట్టాయి.

గ్రామీణాభివృద్ధి శాఖకు సంబంధించిన పార్లమెంటరీ స్థాయీ సంఘం ఈ మొత్తాన్ని పెంచమని ఒకసారి కాదు, పలుమార్లు సిఫారసు చేసింది. 2021 నుంచి 2026 వరకు పథకం యథాతథంగా కొనసాగుతుందని ప్రభుత్వం నిర్ణయించింది. 'యథాతథం' అన్నది ఎంత నిర్దోషమైన మాట! పెద్దవాళ్ళకు వాడే డైపర్ల పొట్లం ఒక్కటి కొనేసరికి ఆ నెల పింఛను చెల్లిపోతుంది. (2025 సెప్టెంబరులో వాటి మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ మేలు చెప్పకపోవడం అన్యాయం.)

డైపర్ల ప్రసక్తి పత్రికలో ఎందుకని కొందరు పాఠకులు నొసలు చిట్లించవచ్చు. పడమటి ఢిల్లీలో ఒక ఇంటికి వెళ్ళిరాకపోతే నేనూ అట్లాగే అనుకునేవాడినేమో. ఆ ఇంటి యజమాని కోనసీమవారు. ఒక కేంద్ర మంత్రిత్వశాఖలో గుమాస్తాగా చేరి సెక్షన్ ఆఫీసరుగా విరమించారు. రెండవ అంతస్తులో డి.డి.ఎ. ఫ్లాటు, లిఫ్టు లేదు. ముప్ఫయ్యారేళ్ళ కుమారుడికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. మాట స్పష్టంగా రాదు గాని బుద్ధి పాదరసం. క్రికెట్ స్కోర్లు అన్నీ కంఠతా. నేను వెళ్ళగానే 'ఏ పేపరు?' అని కనుసైగతో తండ్రిని అడిగించాడు.

ఆ ఇంట్లో రోజు తెల్లవారుఝామున అయిదింటికి మొదలవుతుంది. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, వీపు మీద ఎక్కడయినా ఎర్రబడిందా అని చూడడం. ఎర్రబడితే అది పుండుకు తొలిమెట్టు. పల్చగా చేసిన ఉప్మా చెంచాతో పెట్టడానికి నలభై నిమిషాలు. తొందరపడితే పొలమారుతుంది, పొలమారితే ఊపిరితిత్తులలోకి పోతుంది, పోతే ఆస్పత్రి. రాత్రి ప్రతి రెండు గంటలకూ పక్కకు తిప్పాలి. ఆ తల్లికి అరవై ఏడేళ్ళు. దుప్పటి మడిచి నడుము కింద నుంచి లాగి తిప్పే ఉపాయం ఎవరూ నేర్పలేదు, ఆమే కనిపెట్టుకున్నది. 'వాడి బరువు యాభై ఎనిమిది కిలోలు అన్నయ్యగారూ, నాది యాభై రెండు' అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వుకు ఏమి బదులు చెప్పాలో నాకు తెలియలేదు.

కొన్నాళ్ళు ఏజెన్సీ ద్వారా ఝార్ఖండ్ కుర్రవాడు ఒకడు పన్నెండు గంటల డ్యూటీకి వచ్చేవాడట. ఢిల్లీలో అటువంటి మనిషికి ఏజెన్సీ అడిగే నెల మొత్తం అయిదంకెలకు తగ్గదు. ఎనిమిది నెలల తరువాత తండ్రి గుండెకు స్టెంటు పడింది, ఇంటి లెక్క తలకిందులయింది. 'మానిపించాం అనడానికి నోరు రాదండీ. వాడే వెళ్ళిపోయాడని చుట్టుపక్కల వాళ్ళకు చెబుతుంటాం' అన్నారు ఆయన. కొడుకును ఆస్పత్రిలో చేర్పిస్తే ఆ ఖర్చు ఉద్యోగుల వైద్యపథకం భరిస్తుంది. ఆస్పత్రి దాకా పోకుండా ఇంట్లో కాపాడుకునే మనిషి జీతం మాత్రం ఏ పద్దులోకీ రాదు. అయినా ఇది ఒకవిధంగా అదృష్టవంతుల ఇల్లు. కేంద్ర ఉద్యోగి సంతానంలో సంపాదించుకోలేని వికలాంగులకు తల్లిదండ్రుల తదనంతరం జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. కనుక డబ్బు బెంగ ఆ దంపతులకు కొంత తక్కువ. తాము పోయిన మర్నాడు తెల్లవారుఝామున అయిదింటికి ఆ గదిలోకి ఎవరు వస్తారన్నదే వారి బెంగ.

2018లో జరిగిన 76వ జాతీయ నమూనా సర్వేలో, వికలాంగులలో 62.1 శాతం మందికి ఒక సంరక్షకుడో సంరక్షకురాలో ఉన్నట్టు తేలింది. ప్రభుత్వ సహాయం ఏ రూపంలోనైనా అందుతున్నదని చెప్పినవారు 21.8 శాతం. ఈ రెండు అంకెల నడుమ ఉన్న అంతరాన్ని మోస్తున్నది ఎవరు? అమ్మ, భార్య, అక్క, కూతురు. జీతం అక్కరలేని ఉద్యోగులు గనుక ఆర్థికశాఖ వారిని లెక్కించదు. ఆమె నడుము విరిగిన రోజున గాని ఆ పనికి విలువ ఉన్నదని ఎవరికీ తోచదు.

మన దేశంలో వికలాంగుల సమస్య అనగానే జనం కళ్ళకు కట్టేది ఊతకర్ర, మూడు చక్రాల బండి, ర్యాంపు. మన జైపాల్ రెడ్డిగారు ఊతకర్రలతో పార్లమెంటు వరండాలలో నడిచి వస్తూ ఉంటే, ఆ వాగ్ధాటి ముందు కర్రల సంగతే ఎవరికీ గుర్తు వచ్చేది కాదు. పద్దెనిమిది నెలల పసితనంలో పోలియో సోకిన ఆయన కేంద్రమంత్రి అయినారు, ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్నారు. అటువంటివారు వీధిలోకి వచ్చి హక్కులు అడిగారు, కొన్ని సాధించారు. ఈ వారం నేను రాస్తున్నది వీధి తలుపు దాకా కూడా రాలేని వారిని గురించి. ధర్నాకు రాలేని వర్గానికి జంతర్ మంతర్ వల్ల ఏమి ప్రయోజనం?

చట్టం లేదా అంటే, ఉన్నది. మంచి చట్టమే. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 డిసెంబరులో ఉభయ సభలూ ఆమోదించి 2017 ఏప్రిల్ 19న అమలులోకి తెచ్చిన కొత్త చట్టం ఇరవై ఒక్కటి గుర్తించింది. 'అధిక సహాయం' అవసరమైనవారిని ప్రత్యేకంగా నిర్వచించి, వారి అవసరాన్ని ఒక బోర్డు మదింపు చేయాలన్నది. 24వ సెక్షన్‌లో సంరక్షకుల భత్యాన్ని పేరు పెట్టి చెప్పింది. ఇతరులకు అమలయ్యే అదే తరహా పథకాలకంటె వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని కూడా అదే సెక్షన్ ఆదేశిస్తున్నది. కాగా, కేంద్రం ఇచ్చే వితంతు పింఛను 300 రూపాయలు, వికలాంగుల పింఛనూ 300 రూపాయలే. పాతిక శాతం ఎక్కడ పోయిందో చట్టం చేసినవారే చెప్పాలి. అయితే ఆ సెక్షన్ మొదట్లోనే ఒక చిన్న తలుపు తెరిచి ఉంచారు: ప్రభుత్వం ఇదంతా తన ఆర్థిక స్తోమతకు లోబడి చేయాలట. ఏళ్ళ తరబడి ప్రభుత్వాలన్నీ ఆ తలుపులో నుంచే రాకపోకలు సాగిస్తున్నవి.

స్తోమత లేదా? నూరు శాతం వైకల్యంతో సైన్యం నుంచి విరమించిన జవానుకు, నిరంతరం మరొకరి తోడు అవసరమని వైద్యులు ధ్రువపరిస్తే, కేంద్రం ప్రత్యేక భత్యం ఇస్తుంది. ఏడవ వేతన సంఘం సిఫారసుతో 2017లో అది 4,500 నుంచి 6,750 రూపాయలకు పెరిగింది. ఇది న్యాయమే, ఇంకా పెంచినా న్యాయమే. నేను చూపదలచినది ఇంతే: మంచం పట్టిన మనిషికి తోడు మనిషి కావాలనీ, ఆ తోడుకు డబ్బు ఖర్చవుతుందనీ ఆర్థికశాఖకు తెలుసు. వేతన సంఘం వచ్చిన ప్రతిసారీ ఆ మొత్తాన్ని సవరించాలని కూడా తెలుసు. వెన్ను విరిగిన తాపీ మేస్త్రీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆ జ్ఞానం మరుగున పడుతుంది.

రాష్ట్రాలు కొన్ని ప్రయత్నించకపోలేదు. మంచం పట్టినవారిని చూసుకునే వారికి కేరళలో 'ఆశ్వాసకిరణం' కింద నెలకు 600 రూపాయలు ఇస్తామన్నారు. ఆ కొద్దిపాటి మొత్తమూ బకాయి పడుతూ వచ్చింది. ఢిల్లీలో అధిక సహాయం అవసరమైనవారికి నెలకు 5,000 ఇవ్వాలని నాటి ఆమ్ ఆద్మీ మంత్రివర్గం 2024 అక్టోబరులో ఆమోదించింది. చట్టం అమలులోకి వచ్చిన ఏడున్నర ఏళ్ళకు, శాసనసభ ఎన్నికలకు మూడున్నర నెలల ముందు.

లోధీ రోడ్డులో, సి.జి.ఓ. కాంప్లెక్సులో, అంత్యోదయ భవన్ ఉన్నది. వికలాంగుల సాధికారత శాఖ కార్యాలయం అక్కడే. 2012లో విడి శాఖగా ఏర్పడినప్పుడు ఎన్నో ఆశలు కల్పించినది. దాని మొత్తం కేటాయింపు 2020-21లో 1,325 కోట్ల రూపాయలు. 2025-26లో 1,275 కోట్లు. అయిదేళ్ళ ధరల పెరుగుదలను పక్కన పెట్టి చూసినా యాభై కోట్లు తక్కువ. ఇక 2016 చట్టం అమలుకోసమే ఉద్దేశించిన పథకం సంగతి చూడండి. 2022-23లో 240 కోట్లు, మరుసటి ఏడు 150 కోట్లు, ఆపై 135, 2025-26లో 115. మూడేళ్ళలో సగానికి పైగా తెగిపోయింది. ఇది మాత్రం కత్తెర కనిపించే కోతే, అయినా ఎవరూ చూడలేదు. కేటాయించిన డబ్బు ఖర్చు కాకపోవడం మరొక కథ. ఈ శాఖలలో చక్రం ఇట్లా తిరుగుతుంది: నిబంధనలు బిగిస్తారు, దరఖాస్తులు నిలిచిపోతాయి, డబ్బు మిగులుతుంది, మిగిలింది గనుక అవసరం లేదంటారు, మరుసటి ఏడు తగ్గిస్తారు.

ఈ వ్యవస్థ ఎట్లా నడుస్తున్నదో ఏ నివేదికకంటె స్పష్టంగా సుప్రీంకోర్టు రికార్డు చెబుతుంది. ఢిల్లీని ఆనుకుని ఉన్న గాజియాబాద్‌లో ఒక కుటుంబం. కుమారుడు చండీగఢ్‌లో చదువుకుంటూ 2013లో నాలుగవ అంతస్తు నుంచి పడిపోయినాడు. తలకు తగిలిన దెబ్బతో స్పృహ లేదు, నూరు శాతం వైకల్యం. పదకొండేళ్ళు తల్లిదండ్రులు ఇంట్లోనే చూసుకున్నారు. ఓపికా, డబ్బూ రెండూ అయిపోయి, కొడుకుకు మరణం ప్రసాదించే విషయం పరిశీలించమని 2024లో ఢిల్లీ హైకోర్టును అర్థించారు. హైకోర్టు కాదన్నది. సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే ఏడాది నవంబరు 8న, ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ చివరి పనిదినాన, కేంద్రం సమర్పించిన నివేదిక న్యాయస్థానం ముందుకు వచ్చింది. ఫిజియోథెరపిస్టు, పోషకాహార నిపుణుడు ఇంటికి వస్తారనీ, పిలిస్తే వైద్యాధికారి వస్తాడనీ, నర్సు సహాయం ఉంటుందనీ, మందులు ఉచితమనీ, ఆ ఖర్చు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం భరిస్తుందనీ అందులో ఉన్నది.

నేను ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివాను. సంతోషించవలసిన ఉత్తర్వే. అయితే ఆ జాబితాలో కొత్తగా కనిపెట్టినది ఒక్కటి లేదు. నర్సు, మందు, ఫిజియోథెరపిస్టు అన్నీ ఆ జిల్లాలో అంతకు ముందూ ఉన్నవే. పదకొండేళ్ళపాటు బతుకు కోసం దొరకని నర్సు, చావు అడిగిన తరువాత దొరికింది. అదీ ఒక్క ఇంటికి. న్యాయవాదిని పెట్టుకుని ఢిల్లీ దాకా రాలేని ఇళ్ళ సంగతి ఆ ఉత్తర్వులో లేదు. ఉండదు కూడా, న్యాయస్థానం తన ముందున్న కేసునే కదా పరిష్కరించేది. 2025లో ఆ తల్లిదండ్రులు మళ్ళీ సుప్రీంకోర్టు మెట్లు ఎక్కవలసి వచ్చింది.

ఇంట్లో చూసుకోలేకపోతే ప్రభుత్వ గృహాలు లేవా అని అడిగేవారికి రోహిణీలోని 'ఆశాకిరణ్' ఒక సమాధానం. మానసిక వైకల్యం ఉన్నవారికోసం ఢిల్లీ ప్రభుత్వం నడిపే ఆ గృహంలో, పట్టవలసిన దానికంటె ఎన్నో వందల మందిని ఎక్కువగా ఉంచారు. 2024 జులై ఒక్క నెలలో పద్నాలుగు మరణాలు సంభవించాయి. హైకోర్టు జోక్యం చేసుకుని నీటి నాణ్యత పరీక్షించమన్నది. ఆ వారం ఛానళ్ళన్నీ గేటు ముందే ఉన్నవి. కోనసీమ దంపతులు టి.వి. కట్టేశారట, కొడుకు చూడకుండా. వాడు అప్పటికే చూశాడు.

ఇది మనకే పరిమితమైన జాడ్యం అనుకోనక్కరలేదు. వికలాంగులు తమ సహాయకులను తామే నియమించుకోవడానికి బ్రిటన్ 1988లో ఒక నిధి ఏర్పరచింది. పొదుపు పేరుతో 2015 జూన్ 30న దానిని మూసివేసి, బాధ్యతను స్థానిక సంస్థల నెత్తిన పెట్టారు. అమెరికాలో 2025 జులైలో ట్రంప్ సంతకం చేసిన చట్టం మెడికెయిడ్ ఖర్చును పదేళ్ళలో లక్ష కోట్ల డాలర్లకు దరిదాపుగా తగ్గిస్తుందని అంచనా. అక్కడ నర్సింగ్ హోం ఖర్చు ఇవ్వడం రాష్ట్రాలకు తప్పనిసరి, ఇంటివద్ద సంరక్షణ మాత్రం చాలావరకు ఐచ్ఛికం. డబ్బు తగ్గినప్పుడు మొదట తెగేది ఏదో ఊహించవచ్చు. తేడా ఒక్కటే. వారు ఉన్నదానిని తీసివేస్తున్నారు గనుక కొట్లాట జరుగుతున్నది. మనం పెట్టలేదు గనుక తీయడం కూడా కనబడదు.

మళ్ళీ మన రాజధానికి వస్తాను. 2024లో నేను ఒక చిన్న లెక్క వేసుకున్నాను. నోయిడాలో మెట్రో నీలిగీత బండి ఎక్కి, రాజీవ్ చౌక్‌లో పసుపుగీతకు మారి, గురుగ్రామ్‌లో దిగండి. ఉత్తరప్రదేశ్‌లో బండి ఎక్కిన వికలాంగుడి పింఛను నెలకు 1,000 రూపాయలు. ఢిల్లీలోకి వచ్చేసరికి 2,500. అదీ కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష రూపాయలు దాటకపోతేనే. హర్యానాలో దిగేసరికి 3,000. టిక్కెట్టు ఒక్కటే, వెన్నెముక ఒక్కటే, వెల మూడు రకాలు. మూడుచోట్లా కేంద్రం వంతు వస్తే గిస్తే ఆ మూడు వందలే.

ఆ గీత మొదటి చివర, నోయిడా పాత ఊళ్ళలో ఒకదానిలో, శ్రీకాకుళం జిల్లా పలాస వైపు నుంచి వచ్చిన ఒక డ్రైవరు ఒక్క గదిలో అద్దెకు ఉంటున్నాడు. భార్య మేడ మీద పని చేస్తూ పడిపోయి, నడుము నుంచి కిందకు స్పర్శ పోయింది. రాత్రి క్యాబ్ నడిపి నాలుగు డబ్బులు చూసేవాడు, అది మానుకుని స్కూలు బస్సుకు మారాడు. పొద్దున ట్రిప్పుకూ మధ్యాహ్నం ట్రిప్పుకూ నడుమ ఇంటికి రావచ్చునని. వెయ్యి రూపాయల పింఛను మూడు నెలలకు ఒకసారి, మూడు వేలుగా పడుతుంది. మధ్యాహ్నం అతడు బస్సు మీద ఉన్న సమయానికి, పదమూడేళ్ళ కూతురు బడి నుంచి వచ్చేస్తుంది. తల్లిని పక్కకు తిప్పి, మూత్రపు సంచి మార్చాలి గదా. ఆ పూట మళ్ళీ బడికి వెళ్ళదు.

'బాబూ, మా ఊర్లో ఇలాటోళ్ళకి పదిహేను వేలు ఇస్తన్నారట. ఎల్లిపోతే ఇస్తారా?' అని అడిగాడు అతడు.

అతడు విన్నది నిజం. 2024 జులై ఒకటిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గుంటూరు జిల్లా పెనుమాకలో స్వయంగా పింఛన్లు పంచి, వికలాంగుల పింఛనును 3,000 నుంచి 6,000కు, మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవారి పింఛనును 5,000 నుంచి 15,000కు పెంచిన కొత్త విధానానికి శ్రీకారం చుట్టారు. ఢిల్లీలో ఈ అంకె చెబితే ఉత్తరాది మిత్రులు నమ్మలేదు. పదిహేను వేలంటే ఊళ్ళో ఒక మనిషిని కుదుర్చుకోవచ్చు. దేశంలో ఇంటివద్ద సంరక్షణకు అక్షరాలా సరిపోయే మొత్తాన్ని మొదటిసారి చూస్తున్నానని నేనూ మురిసిపోయాను. ఈ మాట ఏ పార్టీ మెప్పుకోసమో రాయడం లేదు, తరువాతి సంగతి కూడా రాస్తున్నాను.

2025 జనవరిలో పునఃపరిశీలన మొదలయింది. 15,000 తీసుకునేవారి ఇళ్ళకు వైద్య బృందాలు వెళ్ళాయి, మిగిలినవారిని ఆస్పత్రులకు పిలిపించారు. ఆగస్టు నాటికి, ఇక మీరు అర్హులు కారనే నోటీసులు లక్షకు పైబడి వెళ్ళాయి. కొందరిని పెద్ద పింఛను నుంచి చిన్న పింఛనుకు మార్చారు. మంచాల మీద మనుషులను మోసుకుని కలెక్టరు కార్యాలయాలకు బంధువులు వచ్చారు. అల్లరి పెరిగాక, అప్పీలు చేసుకున్నవారికి పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. దొంగ ధ్రువపత్రాలు లేవని నేను అనడం లేదు. మనవాళ్ళ చాకచక్యం నాకు తెలియనిది కాదు. ఇచ్చేటప్పుడు సంతకం పెట్టిన వైద్యుడిని అడగకుండా, పుచ్చుకున్న మనిషిని మంచం మీద నుంచి లేపి రుజువు చేసుకోమనడం ఎక్కడి న్యాయం? నిజమైన రోగి కొడుకు ఆ నోటీసు చేతికి వచ్చిన రోజున పెట్టుకున్న పనిమనిషికి ఏమి చెప్పి ఉంటాడు? వచ్చే నెల రమ్మంటాడా, వద్దంటాడా? పదిహేను వేలు ఉండడమూ, ఉంటుందో లేదో తెలియకపోవడమూ ఒకటి కావు. సంరక్షణకు డబ్బు ఎంత ముఖ్యమో, ఆ డబ్బు రేపు కూడా వస్తుందనే భరోసా అంతే ముఖ్యం. కేంద్రం భరోసాగా ఇస్తున్నది సరిపోదు, రాష్ట్రం సరిపోయేటట్టు ఇస్తున్నదానికి భరోసా లేదు. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016 అయింది. 6,000 చేస్తామని ఎన్నికలలో మాట ఇచ్చి అధికారంలోకి వచ్చినవారిని 2025లోనూ వికలాంగులు ఆ మాట గుర్తు చేస్తూనే ఉన్నారు.

డ్రైవరుకు నేను వెంటనే జవాబు చెప్పలేదు. నోయిడాలో ఆమెకు ఇచ్చినది దేశమంతటా చెల్లవలసిన కార్డే. అయినా మన రాష్ట్రంలో పింఛనుకు సదరం ధ్రువపత్రం కావాలి, బియ్యం కార్డు అక్కడిదై ఉండాలి. శ్రీకాకుళంలోని ఒక మిత్రుడికి ఫోను చేస్తే 'ముందు స్లాటు దొరకనివ్వండి' అన్నాడు. ఆ సంగతి చెప్పడానికి మళ్ళీ నోయిడా వెళ్ళాను. అతడు విని, కాసేపు ఆగి, 'క్యాంపుకి మంచం మీదున్నోళ్ళని కూడా మోసుకెళ్ళాలా బాబూ, ఆళ్ళే ఇంటికొస్తారా?' అని మాత్రం అడిగాడు. ఏమయినా మార్చిలో పిల్ల పరీక్షలు అయ్యేదాకా కదలలేమన్నాడు.

ఆ పిల్ల ఇంట్లో లేదు, బడికి వెళ్ళింది. మంచం పక్క గోడకు ఆమె అంటించిన కాగితాలు రెండు ఉన్నవి. ఒకటి తల్లిని ఎన్ని గంటలకు ఏ పక్కకు తిప్పాలో, సంచి ఎప్పుడు మార్చాలో హిందీలో రాసుకున్నది. రెండవది బడి టైంటేబిలు. ఒంటిగంట గడిలో మొదటి కాగితం మీద 'మమ్మీ' అని ఉన్నది, రెండవ కాగితం మీద 'గణిత్' అని ఉన్నది.